దొనకు దారి చెప్పినవాడు

ఎర్రమల కొండల్లో ఒక దొన ఉంది. దొన అంటే కొండరాతిలో తనంతట తాను ఏర్పడిన నీటితొట్టి. వానలకు నిండుతుంది, ఎండాకాలంలో కూడా అడుగున ఊట ఊరుతూనే ఉంటుంది. ఈ దొనను నేను కనిపెట్టానని ఇంటర్నెట్టులో ఇప్పటికీ అక్కడక్కడా రాసి ఉంది. డోన్‌లో ఇనుప సామాన్ల అంగడి నడిపే ఒకాయన ఒంటరిగా కొండలు తిరిగి, ఎవరికీ తెలియని చోటును పట్టుకున్నాడట. మొన్న మేకులు కొనడానికి వచ్చిన ఒక మేస్త్రీ తన ఫోనులో అది చూపించి, "ఇది నువ్వేనాన్నా? గట్టోనివే!" అన్నాడు.

అది నేనే. ఆ మాటలు మొదట రాసింది కూడా నేనే. అవి అబద్ధం. దాన్ని సరిచేయాలంటే మొదటినుంచి చెప్పాలి. చెబుతాను.

అది రెండువేల ఏడు, ఎనిమిది సంవత్సరాల నాటి మాట. నాకు ముప్పై ఐదు దాటాయి. ఆరు రోజులు అంగట్లో జనం మధ్య నలిగేవాణ్ణి. ఏడో రోజు ఎక్కడికైనా పోదామంటే అక్కడా జనమే. యాగంటికి పోతే క్యూ, మహానందికి పోతే కోనేటి మెట్ల మీద కాలు పెట్టే చోటు ఉండదు. సిమెంటు లోడు మాట్లాడుకోవడానికి ఎర్రగుంట్లకు పోయినప్పుడల్లా దారి పొడవునా కొండలు కనిపించేవి. వాటి లోపల ఏముందో చూడాలని ఉండేది. ఒక ఆదివారం బైకు తీసుకుని పోయాను. ఇక ఆగలేదు.

"ఆదివారమైతే జనం అత్తగారింటికి పోతారు. మీరేమో రాళ్లకాడికి పోతారు," అనేది మా ఆవిడ.

"మీ అమ్మగారింటికంటే రాళ్లే నయం. అవి ఏమీ అడగవు," అనేవాణ్ణి.

అప్పుడే బస్టాండు వీధిలో నెట్ సెంటర్ పెట్టారు. చెక్క గదులు, ఒక్కో గదికి ఒక్కో పరదా. స్నేహితులను వెతుక్కునే సైటు ఒకటి ఆ రోజుల్లో ఊరూరా పాకింది. పెళ్లికాని వాళ్లంతా దానిమీదే ఉండేవాళ్లు. పెళ్లై ఇద్దరు పిల్లలున్న నేను కూడా చేరి, అందులో ఒక కమ్యూనిటీ మొదలుపెట్టాను. రాయలసీమలో జనం రద్దీ లేని చోట్లు చూపించడం దాని పని. మొదట పదిమంది కూడా లేరు. తరువాత బెంగుళూరు, హైదరాబాదుల్లో కంప్యూటర్ ఉద్యోగాలు చేసేవాళ్లు వచ్చి చేరారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటూ రాసుకునేవాళ్లం. ఎవరో ఒక కోన గురించి రాస్తే నేను పోయి చూసివచ్చేవాణ్ణి, నేను చూసింది రాస్తే వాళ్లు వచ్చేవాళ్లు.

నేను బాగా రాసేవాణ్ణి. ఈ మాట చెప్పుకోవడానికి మొహమాటం లేదు, ఎందుకంటే జరిగిన నష్టం అంతా అందులోంచే వచ్చింది. దారి చెప్పడంలో నా అంత ఖచ్చితంగా చెప్పేవాళ్లు ఆ కమ్యూనిటీలో లేరు. బైకు మీటరు చూసి, తారురోడ్డు ఎక్కడ ఆగుతుందో, కంకర క్రషర్ దాటాక ఎన్నో మలుపో, ఏ రాయి దగ్గర బండి ఆపాలో అన్నీ రాసేవాణ్ణి. కొలత లేకుండా గొలుసు ముక్క కూడా అమ్మని మనిషిని. డిగ్రీ రెండో ఏడు దాటని నన్ను ఇంజనీర్లు "గురూ" అని పిలిచేవాళ్లు. అంగట్లో ఎవరూ అలా పిలవరు. ఆ పిలుపు రుచి మరిగాను.

కమ్యూనిటీకి నేను పెట్టిన నియమం ఒకటుంది. ఫొటోలో మనిషి పడకూడదు. జనం లేని చోటు అనడానికి అదే రుజువు అనుకునేవాణ్ణి.

మాఘమాసంలో ఒక ఆదివారం ఎర్రమలల్లో ఒక కొండ కింద బైకు ఆపాను. తెచ్చుకున్న నీళ్ల సీసా అప్పటికే ఖాళీ. ఎండ ముదరలేదు కానీ నాలుక ఎండిపోయింది. కొంచెం పైన ఒక పెద్దాయన గొర్రెలను మేపుతున్నాడు. అరవై ఉంటాయి. భుజం మీద కంబళి, చేతిలో కట్టె.

"ఏమప్పా, దారి తప్పినావా?" అని అరిచాడు.

"లేదు పెద్దాయనా. ఊరికే కొండ చూద్దామని వచ్చినా."

"కొండ యాడికి పోతాది? దాన్ని చూసేదానికి ఇంత దూరం వస్తివా?"

ఇద్దరం నవ్వాం. నీళ్లు ఎక్కడైనా ఉన్నాయా అని అడిగాను. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"ఏం పని జేస్తాంటావు?"

"డోన్‌లో ఇనుప సామాన్ల అంగడి."

"సావుకారువా! అట్లయితే రా. సావుకారు సరుకు యాడ దొరికిందో సచ్చినా చెప్పడు."

ఆ మాట నాకు మెప్పులా తోచింది. అది నిజం కూడా. మా నాయన నేర్పిన మొదటి పాఠం అదే: సరుకు చూపించు, జాడ చూపించొద్దు. ఏ ఊరి కొలిమిలో కొడవళ్లు చేయిస్తామో పక్క అంగడాయనకు ఈ రోజుకూ తెలియదు.

కొండ సగం ఎక్కాక ఒక చదునైన రాయి వచ్చింది. పెద్దాయన అక్కడ ఆగి, "చెప్పులు ఈడ ఇడ్సు," అన్నాడు. తనూ విడిచాడు. గొర్రెలు వాటంతటవే ముందుకు పోయాయి.

"ఏంటికి పెద్దాయనా?"

"దొనకాడికి చెప్పులతో పోకూడదు. ఇంగోటి చెప్తా ఇనుకో. మా ఊర్లో దొనకు దారి చెప్పరు. నీళ్లు కావల్లంటే మనిషిని తోడ్కపోతారు. తోడ్కపోయినోనిదే పూచీ. నువ్వు ఆడ ఉమ్మితే నేను ఉమ్మినట్లే."

అంత తేటగా చెప్పాడు. తెలియక చేశాను అనడానికి నాకు సందు లేదు.

దొన రెండు బండల మధ్య ఉంది. పైన చిన్న తొట్టి మనుషులకు, దాని కింద పెద్దది గొర్రెలకు. పైదాంట్లో చేతులు ముంచకూడదు. ఒక సొరబుర్ర వేలాడదీసి ఉంటే దానితో తోడి నా దోసిట్లో పోశాడు. ఆ నీళ్ల చల్లదనం పళ్లను జివ్వుమనిపించింది. మూడు సార్లు తాగాను. ఆకాశం ఆ నీటిలో చిన్న ముక్కగా కదులుతోంది. అంత అందమైన చోటు అప్పటిదాకా నేను చూడలేదు.

కర్నూలులో కొన్న డిజిటల్ కెమెరా సంచిలోంచి తీశాను. "ఫొటో తీసుకుంటా పెద్దాయనా?"

"తీసుకో. తీసుకుంటే నీళ్లేమన్నా తరుగుతాయా?" అంటూ ఆయన కంబళి సర్దుకుని, గొర్రెలను దగ్గరికి అదిలించి, దొన పక్కన నిటారుగా నిలబడ్డాడు.

"కొంచెం పక్కకు జరుగు పెద్దాయనా. గొర్రెల్ని కూడా," అన్నాను.

ఆయన గొర్రెలను తోలుకుని బండ వెనక్కి పోయాడు.

రెండు రోజుల తరువాత నెట్ సెంటర్‌లో కూర్చుని రాశాను. ఆ వాక్యాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. "ఈ చోటును నేనే కనిపెట్టాను. ఇక్కడికి ఎవరూ రారు." ఆ కింద తారురోడ్డు నుంచి చెప్పులు విడిచే రాయి దాకా దారి అంతా, మీటరు లెక్కతో సహా. చెప్పులు విడవాలని రాయలేదు. సొరబుర్ర గురించి రాయలేదు. పెద్దాయన గురించి ఒక్క ముక్క రాయలేదు. మరొకరు చూపించారని రాస్తే గురువు హోదా ఎక్కడ మిగులుతుంది? సరుకు జాడ చెప్పకూడదన్న మా నాయన మాట మరచిపోయాను అనుకుంటారేమో. మరవలేదు. ఆ కొండకు నన్ను తీసుకుపోయిన మనిషిని దాచాను కదా, అదే నా సరుకు జాడ అనుకున్నాను. నీళ్లను మాత్రం అంగడి ముందు గుమ్మరించాను.

మొదట ముగ్గురు వచ్చారు, బెంగుళూరు నుంచి. ఫొటోలు పెట్టారు, నన్ను పొగిడారు. తరువాత ఎనిమిది బైకులు. ఆ తరువాత లెక్క నాకు తెలియదు, ఎందుకంటే నా రాతను ఇతరులు తమ పేజీల్లోకి ఎత్తి రాసుకున్నారు. ఒక ఫొటోలో పైతొట్టిలో ఇద్దరు నడుముల దాకా దిగి నవ్వుతున్నారు, నెత్తిన షాంపూ నురగ. దాన్ని చూసి కూడా నేను, "ప్లీజ్, శుభ్రంగా ఉంచండి," అని ఒక వాక్యం రాసి ఊరుకున్నాను.

చైత్రంలో ఒక పొద్దున పెద్దాయన మా అంగడికి వచ్చాడు. బస్సు దిగి, ఇనుప సామాన్ల అంగళ్లన్నీ వరసగా అడుగుతూ వచ్చాడట. నేను స్టూలు వేశాను. కూర్చోలేదు.

"ఒకటి అడిగి పోదామని వచ్చినా సావుకారీ. దొనకాడికి యాడాడోళ్లో వస్తాండారు. సీసాలు పగలగొట్టినారు. నా గొర్రెలు రెండు కాళ్లు కోసుకున్యాయి. నీళ్లు సబ్బు వాసన కొడతాండాయి, ఊర్లో ఎవురూ తాగడం ల్యా. మేం తోడ్కపోకుండా వాళ్లకు దారి ఎట్ల తెలిసె? నువ్వు ఎవురికన్నా చెప్పినావా?"

అంగట్లో అప్పుడు ముగ్గురు నలుగురు ఉన్నారు. అందరూ నావైపు చూశారు.

"లేదు పెద్దాయనా. నేనెవరికీ చెప్పలేదు," అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. నన్ను ఎక్కువగా బాధించేది అదే. అనుమానంగా చూసి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదు.

"నాకి తెల్సులే. సావుకారువి, నువ్వెట్ల చెప్తావు? మావోళ్లు ఊరికే నన్ను పీక్కతింటాండారు గాబట్టి వస్తి," అన్నాడు. ఒక మోకు తాడు కొనుక్కుని, ఎర్రటి ఎండలో బస్టాండుకు నడిచిపోయాడు.

ఆ రోజే నెట్ సెంటర్‌కు పోయి నా రాతను చెరిపేశాను. దాన్ని మంచి పని అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా చేతి గుర్తు తుడిచేసుకున్నాను, అంతే. ఎత్తి రాసుకున్నవాళ్ల పేజీల్లో అది అలాగే ఉంది.

ఎండలు ముదిరాక పెద్దాయన ఊరి రైతు ఒకడు పారలు కొనడానికి వచ్చాడు. నేనే ఆరా తీశాను, ఏమీ ఎరగనట్టు.

"ఆ ముసలోడా? బెంగుళూరోళ్లకాడ దుడ్లు తీసుకోని దారి చూపిచ్చినాడంట. కొత్తోళ్లను తోడ్కపోయింది ఆయప్పొక్కడే గదా, ఊరంతా చూసినారు. పూచీ ఆయప్పదే. దొన మెట్టు ఎక్కనీకుండా పెట్టినాం. గొర్రెల్ని నీళ్లకు రెండు మైళ్లు తోలుకపోతాండాడు, ఒక రెడ్డి బోరుకాడికి. సగం అమ్ముకున్యాడు గూడా."

"ఆయన ఏమంటున్నాడు?"

"ఏమంటాడు? సావుకారు చెప్పలేదన్యాడు, నేనూ చెప్పలేదు అంటాడు. ఆ సావుకారు ఎవురో ఆయప్పే చెప్పడు. అంగడోనికి చెడ్డపేరు వస్తాదంట!" అని నవ్వాడు.

ఇంటికి పోయి రైతు మాటలు మా ఆవిడకు చెప్పి అన్నాను, "నేనెవరికీ నోటితో చెప్పలేదు కదా." ఆమె చేటలో కందిపప్పు ఏరుతోంది. తలెత్తకుండానే అంది: "మరి నెట్ సెంటర్‌లో రెండు గంటలు కూర్చుని దేవుని పటం చూసుకుంటా ఉన్నారా? ఆ ముసలాయన మీ పేరు దాస్తాండాడు. మీరు ఆయన పేరు దాచినారు. రెండు దాచడాలూ ఒకటేనా?"

ఆ తరువాత కూడా వారం ఆగాను. అంతకంటే తక్కువ అని రాయాలని ఉంది, కానీ వారమే.

రోహిణికార్తె చివర్లో, వానలకు ముందు, ఆ ఊరివాళ్లు దొనలో పూడిక తీస్తారు. ఇంటికి ఒక మనిషి రావాలి. అది ఏ రోజో పారల రైతు చెప్పి ఉన్నాడు. నెట్ సెంటర్‌లో ఎవరి పేజీలోనో నిలిచి ఉన్న నా రాతను, నా పేరుతో సహా, కాగితం మీద ప్రింటు తీయించాను. అది జేబులో పెట్టుకుని పోయాను. చదునైన రాయి దగ్గర చెప్పులు విడిచి, ఆగాను. తోడు లేకుండా అక్కడినుంచి ముందుకు పోకూడదు. నలభై మంది దాకా గంపలు, పారలు పట్టుకుని ఎక్కుతున్నారు. పెద్దాయన కూడా ఆ వరసలో ఉన్నాడు, అందరికంటే వెనక, ఒక్కడే. నీళ్లకు అడ్డం పెట్టినవాళ్లు పూడికకు మాత్రం రమ్మన్నారు.

"ఒక మాట చెప్పుకోవాలి," అన్నాను. "మీ దొనకు దారి బయటివాళ్లకు చెప్పింది నేను. ఈ పెద్దాయన కాదు."

కాగితం తీసి చదివాను. తారురోడ్డు, క్రషర్, మలుపులు, రాయి. గుంపులో ఒకడు, "అబ్బబ్బా, పుట్టినూరు గదా, నాకే ఇంత బాగా తెల్దప్పా దారి!" అన్నాడు. కొందరు నవ్వారు. నేను ఆపకుండా చదివాను: "ఈ చోటును నేనే కనిపెట్టాను. ఇక్కడికి ఎవరూ రారు."

నవ్వు ఆగిపోయింది. గంప చంకన పెట్టుకున్న ఒక ముసలమ్మ ముందుకు వచ్చింది.

"ఎవురూ రారంటనా?"

"అట్ల రాసినానమ్మా."

"మరి మేమెవురమప్పా?"

నలభై మంది నా ముందు నిలబడి ఉన్నారు. వాళ్ల తాతల కాలంనుంచి చెప్పులు విడుస్తున్న రాయి అరిగి నున్నగా మెరుస్తోంది. నేను అదే రాయిని దారి గుర్తుగా రాసి, ఎవరూ రారని దాని కిందే రాశాను.

తప్పు ఒప్పుకున్నాను, ఇక అయిపోయింది అనుకున్నాను. అప్పుడు పెద్దాయన వెనకనుంచి మాట్లాడాడు. నన్ను చూడలేదు. చేతిలో పారను చూసుకుంటూ అన్నాడు:

"నేను మీ అంగడికి వచ్చి అడిగితి గదా సావుకారీ. ఆ పొద్దు ఏం చెప్పినావో అది గూడా చెప్పు."

అది నేను చెప్పకూడదనుకుని వచ్చాను. దారి రాయడం తెలివితక్కువతనం అని సరిపెట్టుకోవచ్చు. ఎదురుగా నిలబడి అడిగిన మనిషికి లేదని చెప్పడాన్ని ఏ పేరుతోనూ సరిపెట్టలేము. అయినా చెప్పాను. ఆయన బస్సెక్కి వచ్చాడని, నలుగురి ముందు అడిగాడని, నేను ఎవరికీ చెప్పలేదన్నానని, ఆయన నమ్మి తాడు కొనుక్కుని పోయాడని. అన్నీ విన్నాక ఆయన పార భుజానికెత్తుకుని, ఈసారి అందరికంటే ముందు కొండ ఎక్కాడు. ఎవరూ అడ్డం చెప్పలేదు. గొర్రెలకు నీళ్లు ఆ రోజే తిరిగి వచ్చాయి. అమ్ముకున్న గొర్రెలు మాత్రం రాలేదు. వాటికి బదులుగా ఏదైనా తీసుకొమ్మని తరువాత రెండుసార్లు అడిగాను. "దొన నీళ్లు అమ్ముకున్యాడని అన్నారు, ఇప్పుడు నీకాడ తీసుకుంటే అది నిజమైతాది," అన్నాడు. మళ్లీ అడగలేదు.

నా సంగతి తేల్చవలసి వచ్చింది. ఇంటికి పంపించాలని కొందరు, పూడిక తీయించాలని కొందరు. పైకి రావాలంటే ఎవరో ఒకరు పూచీ పడాలి. ఎవరూ ముందుకు రాలేదు. రాయి కాలింది, నేను ఒక కాలు మార్చి ఒక కాలు మీద నిలబడ్డాను. చివరికి ఆ ముసలమ్మే తన గంప నా చేతిలో పెట్టింది.

"రా. నేను పూచీ. ఇంగోసారి యాడన్నా వాగితే, నీ అంగట్లో కొడవల్తోనే నీ నాలిక కోస్తా."

ఆ రోజు సాయంత్రం దాకా దొన అడుగున కూర్చుని బురద ఎత్తాను. బురదలో గాజుపెంకులు దొరికితే వేరుగా ఒక గోనెలో వేశాను. ఎర్రగుంట్ల లోడు కంటే ఆ గోనె బరువనిపించింది. దాన్ని నేనే బైకు మీద పెట్టుకుని డోన్‌కు తెచ్చాను.

కమ్యూనిటీలో నిజం రాశాను. నేను కనిపెట్టలేదని, ఒక ఊరివాళ్లు నన్ను తోడుకుని పోయారని, మీరు పోవద్దని. "గురూ, చోటంతా నీ ఒక్కడికే కావాల్నా?" అని వెక్కిరించారు. కొద్దికాలానికి ఆ కమ్యూనిటీ మూసేశాను, ఇంకొన్నాళ్లకు ఆ సైటే మూతపడింది. అబద్ధం మాత్రం ఇప్పుడు జనం వాడుతున్న కొత్త సైట్లలోకి కాపురం మార్చుకుంది. అందుకే ఈ రాత. ఇందులో ఆ ఊరి పేరు లేదు, ఎర్రమలల్లో అది ఏ కొండో లేదు, మలుపులు లేవు. వెతక్కండి. నీళ్లు తాగాలని ఉంటే ఆ కొండల్లో ఏ ఊరికైనా పోయి అడగండి. తోడుకుని పోయేవాళ్లు ఉన్నారు. పోయినచోట తోడు వచ్చినవాళ్ల పరువు మీ చేతిలో ఉంటుంది.

ఏటా రోహిణికార్తె చివర్లో నేను పోతాను. చెప్పులు విడిచి ఆ రాయి దగ్గర నిలబడతాను. ముసలమ్మ ఉన్నన్నాళ్లూ ఆమె తోడుకుని పోయింది, ఆమె పోయాక ఆమె కోడలు. పెద్దాయన ఇప్పుడు కట్టె ఊతతో ఎక్కుతున్నాడు. డోన్‌కు వస్తే తాడు మా అంగట్లోనే కొంటాడు, ఇప్పుడు స్టూలు మీద కూర్చుంటాడు, నా పిల్లల చదువులు అడుగుతాడు, మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగుతాడు. ఆ రాయి దగ్గర మాత్రం నన్ను చూసి తల ఊపి, చెప్పులు విడిచి, నన్ను దాటుకుని పైకి పోతాడు. నా వెనకాల రా అని మళ్లీ ఎన్నడూ అనలేదు. అది సబబే. కోడలు వచ్చి పిలిచేదాకా నేను అక్కడే ఆగుతాను.